తేదీ లేని మాత్ర

మెడికల్ రిప్రజెంటేటివ్ చనిపోయాడన్న సంగతి నలభై నిమిషాల దాకా ఎవరూ గమనించలేదు. డాక్టర్ల గదుల బయట ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కదలకుండా కూర్చోవడమే అతని ఉద్యోగం. మంగళవారం ఉదయం పది గంటలకు నరాల డాక్టరు గది ముందు, వరుసలో మూడో కుర్చీలో కూర్చున్నాడు. పదీ నలభైకి నర్సు వచ్చి లోపలికి వెళ్ళమంది. వెళ్ళలేదు. రెండోసారి పిలిచి భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

బ్యాగులో రంగురంగుల శాంపిళ్ళు, డాక్టర్లకు పంచే పెన్నులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. వాటి మధ్య ఒక విజిటింగ్ కార్డు, దాని వెనక ఆదరాబాదరాగా రాసిన రెండు మాటలు. "దుభాషి మాత్రలు."

పన్నెండు కాకముందే ఆ కార్డు ఊరి రెండో చివరనున్న ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదికి చేరింది. ఇంకో పావుగంటకు మాత్రలమ్మ కూడా చేరింది.

కౌంటర్లో ముసలాయన తలెత్తకుండానే అడిగాడు. "మరక పాతదా, కొత్తదా?"

"మరక పాతదే. చొక్కా కొత్తది."

"అయితే లోపల చూపించండి."

మాత్రలమ్మ అసలు పేరు ఆఫీసు ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. వయసు యాభై రెండు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లోకి రాకముందు పదిహేనేళ్ళు ఒక పెద్దాసుపత్రిలో మందుల కౌంటర్ వెనక నిలబడింది. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. మెట్లు దిగాక మళ్ళీ పైకెక్కి నాలుగోసారి చూస్తుంది. తోటి ఏజెంట్లు ఆ అలవాటు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆమె కాపలా కాసిన మనిషి ఇంతవరకూ ఒక్కడూ చావలేదన్న సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆపేవాళ్ళు.

"కూర్చో అమ్మాయీ," అన్నాడు పెద్దాయన. డెబ్భై దగ్గరపడ్డ ఆ డిపార్ట్‌మెంట్ చీఫ్‌కి ఆడవాళ్ళంతా అమ్మాయిలే.

ఆమె కూర్చోలేదు. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు.

"పోయినవాడు మన కొరియర్. గొడుగు ముఠా మీద ఆర్నెల్లుగా కన్నేసి ఉంచాడు."

గొడుగు ముఠా అంటే సముద్రం అవతలి ఆయుధాల వర్తకులు. ఎండకూ వానకూ ఒకటే గొడుగన్నట్టు, కొట్టుకునే రెండు దేశాలకూ వాళ్ళే తుపాకులు అమ్ముతారు. ఎక్కడ సంధి కుదిరితే అక్కడ వాళ్ళ దుకాణం మూతపడుతుంది.

"గురువారం ఉదయం పదకొండింటికి సంతకాలు," పెద్దాయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "పక్క దేశం ఆరేళ్ళుగా పట్టి ఉంచిన మన నావికులు ఎనభై ముగ్గురు ఇళ్ళకొస్తారు. వాళ్ళ అధ్యక్షుడే స్వయంగా వస్తున్నాడు. పోయినసారి అనువాదకుడెవరో ఆయన మాటను మెత్తగా మార్చి చెప్పాడని చర్చల మధ్యలో లేచిపోయిన మనిషి. ఇప్పుడు మన దుభాషి ఒక్కావిడనే నమ్ముతాడు. ప్రతి షరతూ ఆవిడ నోట విన్నాకే కలం పట్టుకుంటాడు. పన్నెండింటికి కాల్పుల విరమణ గడువు తీరిపోతుంది. ఆవిడ నిలబడలేకపోతే సంతకం లేదు, నావికులూ లేరు."

"దుభాషికి ఏం జబ్బండీ?"

"మూర్ఛ. పదకొండో ఏట మొదలైంది. మందు పడింది. తొమ్మిదేళ్ళుగా ఒక్క ఫిట్ కూడా లేదు. ఉదయం ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఈ సంగతి నాకూ, డాక్టరుకూ, లోపలున్న మన మనిషికీ తప్ప తెలియదు. ఆ మందు ఆగితే ఏమవుతుంది? నువ్వే చెప్పాలి."

మాత్రలమ్మ బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "అది నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాల్సిన మందు. ఉన్నట్టుండి ఆగితే నరాలు పగబడతాయి. మూడో రోజో నాలుగో రోజో ఫిట్స్ వస్తాయి. ఒక్కోసారి ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా వస్తాయి. అప్పుడు మనిషే దక్కకపోవచ్చు."

"కెమెరాల ముందు."

"ఎక్కడైతేనేం, మనిషి మనిషే కదండీ." ఆమె గొంతు కాస్త పదునెక్కింది. "లోపల మన మనిషెవరు?"

"హంస. ప్రోటోకాల్ ఆఫీసర్‌గా ఉంది. గొడుగు ముఠా ఆమెను తమ మనిషనుకుంటుంది. మనం మన మనిషనుకుంటున్నాం."

"రెండిట్లో ఒకటే కదా నిజం."

"నీ అనుమానం జబ్బుకి మాత్రల్లేవా అమ్మాయీ? ఆవిడ నీ మరదలు."

బల్ల మీద ఎనభై మూడు పేర్ల జాబితా ఉంది. మాత్రలమ్మ దాన్ని చదవలేదు. తమ్ముడి పేరు అందులో ఉండదని ఆమెకు తెలుసు. పట్టుబడిన ఓడలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా వెళ్ళినవాడు, అక్కడే పోయాడు. నాలుగేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే బల్ల మీదుగా పెద్దాయన ఒక చిన్న పార్సెల్ జరిపి, "మరదలికి నువ్వే చెప్పు, నీ నోటితో అయితే బావుంటుంది" అన్నాడు. ఆమె తలూపింది. చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ నాలుగేళ్ళు గడిపింది. చెప్పేశావా అని పెద్దాయన ఒకసారి అడిగితే, ఆ అని అబద్ధమాడింది.

*

చర్చలు జరుగుతున్న గెస్ట్‌హౌస్‌లో కింద మెడికల్ రూమ్, మూడో అంతస్తులో దుభాషి గది. తెల్ల కోటు, రబ్బరు చెప్పులు, మెడలో నర్సు బ్యాడ్జి వేసుకుని మాత్రలమ్మ మెట్లెక్కింది. కోటు రెండో గుండీలో మైక్ ఉంది. జేబులోని థర్మామీటర్ నిజానికి కెమెరా. జ్వరం మాత్రం చూడదు.

దుభాషి నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి. మంచం నిండా కాగితాలు పరుచుకుని, నోట్లో పెన్సిలు పెట్టుకుని కూర్చుంది.

"రండి సిస్టర్. నా మాత్రలకి కాపలా వచ్చారట. నాకు పెళ్ళైనప్పుడు కూడా ఇంత బందోబస్తు లేదు."

"మందులు ఎక్కడ పెడతారమ్మా?"

దుభాషి గుండ్రటి బిస్కెట్ డబ్బా తీసింది. అందులో ఆరు స్ట్రిప్పులు, ఒక్కొక్కదానికి పది మాత్రలు, సీలు చెక్కుచెదరలేదు. మాత్రలమ్మ ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసింది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, రేకు మీద అచ్చు అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"వీటి బదులు నేను తెచ్చినవి వేసుకుంటారా? మందు అదే, కంపెనీ వేరు."

"వద్దు సిస్టర్. ఒకసారి షాపువాడు కంపెనీ మార్చి ఇచ్చాడు. నెల తిరక్కుండా బస్సులో పడిపోయాను. లేచేసరికి చుట్టూ జనం. ఒకాయన నా చేతిలో తాళాల గుత్తి కుక్కుతున్నాడు. ఇంకొకాయన నోట్లో చెంచా పెట్టాలని చూస్తున్నాడు. బస్సులో చెంచా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. డాక్టరు అప్పుడే చెప్పాడు, ఏ కంపెనీది పడిందో దాన్ని వదలొద్దని."

మాత్రలమ్మ నవ్వలేకపోయింది. అది కౌంటర్ వెనక తాను వందమందికి చెప్పిన మాటే. "పడబోయే ముందు ఏమైనా తెలుస్తుందా?"

"ఎడమచేతి బొటనవేలు దానంతటదే ఎగురుతుంది. తొమ్మిదేళ్ళయింది అది ఎగిరి." దుభాషి ఆ వేలును పిడికిట్లో దాచుకుంది. "ఇక్కడ నేను పడకూడదు సిస్టర్. పడితే జనం ఏమంటారో తెలుసా? జబ్బుమనిషికి ఇంత పని ఎవరిచ్చారంటారు. పనిచ్చినవాళ్ళని తప్పుపడతారు. ఇంకో జబ్బుమనిషికి మళ్ళీ ఇవ్వరు."

డబ్బాలోంచి మూడు స్ట్రిప్పులు ఎంచి, ఒక్కొక్కదాంట్లోంచి ఒక మాత్ర తీసి మాత్రలమ్మ లాబ్‌కి పంపింది. దుభాషి వాడుతున్న స్ట్రిప్పు ఆమె చేతిసంచిలో ఉంది. రోజూ నోట్లో వేసుకుంటున్నదే కదా అని దాన్ని అడగలేదు. అన్నిటినీ మూడుసార్లు చూసే మనిషి, ఆ ఒక్కదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

మెట్లు దిగుతుంటే హంస ఎదురైంది. పొడుగాటి మెడ, చెవులకు ముత్యాలు, నేలకు తగులుతున్నట్టే ఉండని నడక. ఆమె వెళ్తుంటే సెక్యూరిటీ వాళ్ళు చేతిలో ఉన్న పని మర్చిపోతారు. ఆమె ఫైలు చూస్తున్నట్టు నటిస్తూ మెల్లగా అంది.

"బావున్నావా వదినా? చిక్కిపోయావ్."

"నువ్వు తింటున్నావా?"

"తింటున్నా. రేపు మధ్యాహ్నం మూడింటికి లాండ్రీ మనిషి వస్తాడు. బట్టల మూటలో డూప్లికేట్ మాత్రలుంటాయి. డబ్బా మార్చేస్తాడు. పట్టుకోండి." ఫైలు మూసి, ఒక్క క్షణం ఆగింది. "ఏమైనా తెలిసిందా వదినా?"

ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం ఫోన్లో అడిగే ప్రశ్నే అది.

"ఇంకా లేదు," అంది మాత్రలమ్మ.

*

బుధవారం మూడింటికి లాండ్రీ మనిషి వచ్చాడు. మూడూ రెండుకి దొరికాడు. దుప్పట్ల మధ్య ఆరు స్ట్రిప్పులు, అచ్చంగా అవే. పగలగొట్టి చూస్తే సుద్ద. జేబులో ఒక పెన్ను, దానికి సిరా లేదు, సూది ఉంది. మెడికల్ రిప్రజెంటేటివ్ మెడ మీద చుక్క ఎవరు పెట్టారో తేలిపోయింది.

సాయంత్రానికి లాబ్ రిపోర్టు వచ్చింది. డబ్బాలో మాత్రలు అసలైనవే.

"శభాష్ అమ్మాయీ," అన్నాడు పెద్దాయన ఫోన్లో. "ఇక ఊపిరి పీల్చుకో."

మాత్రలమ్మ పీల్చుకోలేకపోయింది. మెడికల్ రూమ్‌లో అల్మరా సర్దింది. సర్దినదాన్ని మళ్ళీ సర్దింది. పని మరీ తేలిగ్గా అయిపోయింది. ఒకణ్ణి అంత నేర్పుగా చంపినవాడు ఇంత సులువుగా ఎలా దొరికాడు? వంటింట్లోకి వచ్చిన పిల్లి పాలగిన్నె వదిలేసి గంట మోగించినట్టుంది ఆమెకు.

గురువారం ఉదయం పది గంటలకు ఆమె దుభాషి గది తలుపు తట్టింది. దుభాషి బూడిదరంగు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. ఎడమ చెయ్యి జేబులో ఉంది.

"మాత్ర వేసుకున్నారా?"

"ఎనిమిదింటికే."

"చెయ్యి బయటికి తీయండమ్మా."

"చలిగా ఉంది."

"చలి లేదు."

దుభాషి చెయ్యి తీసింది. బొటనవేలు రెప్ప కొట్టినట్టు ఒకసారి ఎగిరింది. కాసేపాగి మళ్ళీ ఎగిరింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. కంగారు వల్ల అనుకున్నాను. చెబితే నన్ను పక్కన పెట్టేస్తారని..." దుభాషి చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకోబోయింది. "కోప్పడకండి సిస్టర్."

మాత్రలమ్మకు కోప్పడే తీరిక లేదు. నిన్నటి నుంచి అంటే, లాండ్రీ మనిషి రాకముందే మందు ఆగిపోయింది. "చేతిసంచిలో స్ట్రిప్పు ఏదీ?"

"పొద్దున అయిపోయింది. చివరి ముక్క అదిగో, చెత్తబుట్టలో."

మాత్రలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్క తీసింది. వేలి గోరంత రేకు. తిప్పి చూసింది. రెండువైపులా చూసింది.

"ఈ స్ట్రిప్పు ఎవరు కోశారు?"

"నేనే. రోజూ ఒక మాత్ర కోసుకుని వేసుకుంటాను. లేకపోతే వేసుకున్నానో లేదో గుర్తుండదు."

"తేదీ వైపు నుంచి కోస్తారా?"

"అయ్యో, ఎవరైనా కోస్తారా? తేదీ ఉన్న కొస చివరిదాకా ఉంచాలి. మా అమ్మ నేర్పిన మొదటి సంగతి అదే."

మందులతో బతికే ప్రతి ఇంట్లో అదే పద్ధతి. కౌంటర్ వెనక నిలబడే ప్రతివాడూ విడి మాత్రలు కోసిచ్చేటప్పుడు అవతలి కొస నుంచే కోస్తాడు. చివరి మాత్ర దాకా గడువు కనబడుతూ ఉండాలి. కాబట్టి ఈ చివరి ముక్క మీద తేదీ ఉండి తీరాలి. లేదు. నున్నగా ఉంది.

పోయిన ఆదివారం రాత్రికి దుభాషి స్ట్రిప్పులో మూడు మాత్రలు అయిపోయి ఏడు మిగిలి ఉన్నాయి. ఎవరో కొత్త నకిలీ స్ట్రిప్పులోంచి మూడు కోసేసి, ఏడు సుద్దముక్కలున్న రేకును దాని స్థానంలో పెట్టారు. ఏ కొస నుంచి కొయ్యాలో వాళ్ళకు తెలియదు. ఏడు మాత్రలు సరిగ్గా ఇవాళ పొద్దుటికి సరిపోయాయి. మూడున్నర రోజులుగా దుభాషి సుద్ద మింగుతోంది. డబ్బా, దుప్పట్లు, లాండ్రీ మనిషి, అదంతా తమ కళ్ళకు కట్టిన గంతలు.

"ఆదివారం మీ చేతిసంచి ఎవరి చేతికైనా ఇచ్చారా?"

"లేదే. ఆఁ, ఆ రాత్రి దిగ్గానే గ్రూప్ ఫోటో తీశారు. అప్పుడు ఆ పొడుగు మెడ అమ్మాయి పట్టుకుంది. ముత్యాలు పెట్టుకుంటుంది చూడండి, ఆవిడ. మంచి పిల్ల."

*

డాక్టరు పరుగున వచ్చాడు. వేలు చూశాడు, గడియారం చూశాడు. పదీ పద్దెనిమిది.

"ముక్కులో స్ప్రే కొడితే ఫిట్ ఆగుతుంది," అన్నాడు. "కానీ ఆవిడ నాలుక మొద్దుబారిపోతుంది. నిద్రలోకి జారిపోతుంది."

"అదీ వాళ్ళకి లాభమే," అంది మాత్రలమ్మ. "ఆవిడ రోజూ వేసుకునే మందే ఇంజెక్షన్‌గా నా దగ్గరుంది. నరంలోకి ఎక్కిద్దాం. మంగళవారం నుంచి పెట్టె తాళం నా దగ్గరే ఉంది."

"పావుగంట పడుతుంది. కాస్త మగతగా ఉంటుంది. సరే, కానివ్వండి."

మెడికల్ రూమ్‌లో మంచం మీద దుభాషిని పడుకోబెట్టారు. డాక్టరు సూది గుచ్చాడు. మాత్రలమ్మ మందు కలిపి సెలైన్ సీసా తగిలించి, గొట్టం మీది చిన్న చక్రం తిప్పింది. పదీ ఇరవై ఆరుకి మొదటి చుక్క పడింది. ఆమె పెదవులు చుక్కల్ని లెక్కపెడుతున్నాయి. హంస సంగతి పెద్దాయనకు చివరి చుక్క పడ్డాకే చెబుదామనుకుంది. అప్పుడే ఎవరో తలుపులోంచి కేకేశారు, మంత్రిగారికి బీపీ పెరిగిందట, డాక్టరు వెంటనే రావాలట. డాక్టరు పరిగెత్తాడు.

మంత్రిగారికి ఏమీ కాలేదని ఆయన తర్వాత తెలుసుకున్నాడు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. హంస లోపలికొచ్చి గడియ పెట్టింది. చేతిలో ఫైలు. ఫైలు కింద చిన్న పిస్టల్.

"కదలకు వదినా."

ఆమె మంచం దగ్గరికి నడిచి ఎడమచేత్తో గొట్టం మీది చక్రం తిప్పింది. చుక్క సగంలో ఆగిపోయింది. సీసాలో ఇంకా సగం మందుంది.

"ఎలా తెలిసింది?" అడిగింది హంస.

"స్ట్రిప్పు తేదీ వైపు నుంచి కోశావు."

"అయితే?"

"అయితే ఏముంది. జన్మలో ఒక్క తలనొప్పి మాత్రైనా వేసుకోని ఒళ్ళు నీది."

మంచం మీంచి దుభాషి సన్నగా అంది. "మీరిద్దరూ మాట్లాడుకోండి, పర్లేదు. నా వేలు మాత్రం ఆగట్లేదని చెబుతున్నా."

వేలు కాదు, ఇప్పుడు మణికట్టు దాకా అదురుతోంది. గోడ గడియారంలో పదీ ముప్పై అయిదు.

"ఆవిడ చచ్చిపోవచ్చు," అంది మాత్రలమ్మ.

"జాబితా చూశావా వదినా?" హంస పిస్టల్ దించలేదు. "ఎనభై మూడు పేర్లు. పదిసార్లు చదివాను. కింద నుంచి పైకి కూడా చదివాను. ఆయన పేరు లేదు. మనవాళ్ళు అడగనైనా లేదు. ఆరేళ్ళు వీళ్ళ కోసం ప్రాణాలకు తెగించి వేషాలు వేశాను, నా మొగుడి పేరు ఒక్క కాగితం మీద రాయలేదు. గొడుగువాళ్ళు తెస్తామన్నారు. సంతకాలు ఆగితే ఆదివారానికల్లా సరిహద్దు దాటిస్తామన్నారు."

"నమ్మావా?"

"ఫోటో చూపించారు. పోయిన నెల పేపరు పట్టుకుని కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. చేతికి గడియారం కూడా ఉంది, పెళ్ళినాడు నేను పెట్టింది."

మాత్రలమ్మ కోటు రెండో గుండీ పుటుక్కున తెంపి, బల్ల మీదున్న నీళ్ళగ్లాసులో పడేసింది.

"ఏం చేశావ్?"

"ఇది ఆఫీసు వినాల్సిన మాట కాదు." ఆమె చేతులు కోటుకు తుడుచుకుంది. తడి ఏమీ లేకపోయినా మళ్ళీ తుడుచుకుంది. "ఆ గడియారం నా బీరువాలో ఉందమ్మా."

"అద్దం మీద, ఆరో అంకె పక్కన గీత ఉంటుంది. మీ కొత్తింట్లో తలుపుకు కొట్టుకుంది. వాడు నీకు చెప్పకుండా గోరుతో రుద్దుతూ కూర్చునేవాడు. అది నా దగ్గరికొచ్చి నాలుగేళ్ళయింది. జ్వరమట. మూడు రోజులట. అక్కడ సరైన మందు దొరకలేదట. వాళ్ళు చూపించింది పాత ఫోటో. పేపరు అతికించారు, జుట్టుకు రంగేశారు. గడియారం తీసెయ్యాలని వాళ్ళకు తెలియలేదు."

మాత్రలమ్మ గోడ గడియారం వంక చూసింది.

"ప్రతి శుక్రవారం ఫోన్ చేసేదాన్ని," అంది హంస.

"చేసేదానివి."

"ఏమైనా తెలిసిందా అని అడిగేదాన్ని. ఇంకా లేదు అనేదానివి. మొన్న మెట్ల మీద కూడా అన్నావు."

"అన్నాను."

"ఎందుకు వదినా?"

మాత్రలమ్మకు జవాబు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. నోటితో అనడం ఇదే మొదటిసారి.

"నీ కోసం అనుకున్నాను. కాదు. అమ్మ పోయాక వాడి గురించి 'ఉన్నాడు' అని మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు. ఆయనకి వంకాయ పడదు అంటావు. వచ్చాక పళ్ళు చూపించాలి అంటావు. ఆ ఫోన్ పెట్టేశాక ఒక పది నిమిషాలు నాకూ వాడు ఉన్నట్టే ఉండేది. చెబితే నువ్వు ఫోన్ చెయ్యవు. వాడూ పోతాడు, నువ్వూ పోతావు. నా పిరికితనం వాళ్ళకి పనికొచ్చింది. నిన్ను కొనడానికి వాళ్ళు పెట్టిన పెట్టుబడి అదే."

దుభాషి దవడ బిగుసుకుంది. కళ్ళు పైకి తేలుతున్నాయి. పదీ నలభై ఒకటి.

"ఎనభై మూడు ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇవాళ పొద్దున్నే లేచి ఉంటారు," అంది మాత్రలమ్మ. "నువ్వు ఆరేళ్ళు లేచినట్టే. కాల్చాలనుంటే నన్ను కాల్చు, తప్పు నాది. ఆ చక్రం మాత్రం తిప్పు."

హంస పిస్టల్‌ను దూది ట్రేలో పెట్టింది. చక్రం తిప్పబోయింది. కంగారులో పూర్తిగా తెరిచేసింది, మందు ధారగా పడసాగింది.

"అంత జోరుగా కాదు." మాత్రలమ్మ ఆ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి వెనక్కి తిప్పింది. చుక్కా చుక్కా పడుతుంటే ఇద్దరి చేతులూ కాసేపు అక్కడే ఉన్నాయి.

"ఆ మెడికల్ రిప్రజెంటేటివ్‌ని నేను చంపలేదు," అంది హంస. "కానీ అతను మనవాడని వాళ్ళకి చెప్పింది నేనే."

"అతనికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూ ఉండి ఉంటారు."

"తెలుసు వదినా." ఆమె స్టూల్ మీద కూలబడి, చెవులకున్న ముత్యాలు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. వచ్చేవాళ్ళు ఎలాగూ తీయించేస్తారు.

నీళ్ళల్లో పడ్డ మైక్ మూగబోయేసరికి వెతుక్కుంటూ బయల్దేరిన పెద్దాయన మనుషులు మెట్ల మీద పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినబడింది. తలుపు బద్దలు కొట్టక్కర్లేకుండా మాత్రలమ్మే గడియ తీసింది. హంస లేచి, తనంతట తానే వాళ్ళ మధ్య నిలబడింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"గడియారం నాకిస్తావా?"

"తెస్తాను."

"ఎప్పుడు?"

"రేపు శుక్రవారమేగా."

*

పదీ యాభైకి చివరి చుక్క పడింది. దుభాషి దవడ సడలింది. మణికట్టు ఆగింది. వేలు ఇంకా ఒకటీ అరా ఎగురుతోంది. ఆమె లేచి కూర్చుని, జుట్టు సవరించుకుని, మాత్రలమ్మ చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, నేను నడవగలనా?"

"నేను వెనకే ఉంటాను. పడితే నా మీద పడండి."

"మీరు నాకంటే సన్నగా ఉన్నారు."

"నాకు అలవాటే."

పదీ యాభై తొమ్మిదికి ఇద్దరూ హాల్లోకి అడుగుపెట్టారు. పొడుగాటి బల్ల, నీళ్ళసీసాలు, కెమెరాల వెలుతురు. అప్పటికే బండ మొహంతో కుర్చీలోంచి సగం లేచిన అధ్యక్షుడు, దుభాషిని చూసి మళ్ళీ కూర్చున్నాడు. మాత్రలమ్మ తెర పక్కన నిలబడి బల్ల అంచు మీదున్న ఒకే ఒక్క వేలును చూస్తూ ఉండిపోయింది. మొదటి షరతుకు అది ఎగిరింది. రెండోదానికి ఎగిరింది. మూడోదాని మధ్యలో దుభాషి ఒక మాట కోసం ఆగింది. హాలంతా ఆగింది. మాత్రలమ్మ కాళ్ళు వాటంతటవే ఒక అడుగు ముందుకు వేశాయి. దుభాషికి మాట దొరికింది. అయిదో షరతుకు వచ్చేసరికి వేలు నిద్రపోతున్న పిచ్చుకలా కదలకుండా ఉంది.

పదకొండూ యాభై ఒకటికి అధ్యక్షుడు కలం తీశాడు. సిరా పడలేదు. దులిపాడు. పడలేదు. పెద్దాయన తన జేబులోని పెన్ను అందించబోయి, అది ఏ రకం పెన్నో గుర్తొచ్చి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. చివరికి దుభాషి తన పెన్నిచ్చింది. పన్నెండుకు రెండు నిమిషాలుండగా సంతకం పడింది. సరిహద్దు దగ్గర ఎనభై మూడుమంది బస్సులు ఎక్కారని ఫోన్ వచ్చింది.

మాత్రలమ్మ గోడకు ఆనుకుంది. రేపు బీరువా తెరవాలి. తాళంచెవి ఎక్కడుందో ఆమెకు తెలుసు, అయినా ఇప్పుడే వెళ్ళి చూసుకోవాలనిపించింది.

సంతకం సంతోషంలో అధ్యక్షుడు మైక్ దగ్గరికెళ్ళి తన దేశపు చరిత్ర మొత్తం గంటా ఇరవై నిమిషాలు చెప్పాడు. మంత్రులు, జనరల్స్, పత్రికలవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. పెద్దాయన గురక రెండు కెమెరాల్లో రికార్డయింది. ఆ హాల్లో అంతసేపూ కన్ను మూయకుండా, ఒక్క మాటా వదలకుండా నిలబడింది నరంలోకి మగత మందు ఎక్కించుకున్న ఆ ఒక్క మనిషే.